చలిచీమ మానేసిన మాత్రలు

పూల దుకాణంలో ఆమెను అందరూ చలిచీమ అనేవారు. ఆ పేరు పెట్టింది యజమానే. దుకాణం వెనక పూలు వాడిపోకుండా దాచే చల్లగది ఒకటి ఉండేది. పొద్దున్నే వచ్చిన కట్టలు విప్పి, కాడల చివర్లు ఏటవాలుగా కోసి, ముళ్ళూ అడుగు ఆకులూ దూసేసి, బకెట్లలో నిలబెట్టి ఆ గదిలో సర్దడం ఆమె పని. మిగతావాళ్ళు చొక్కా చేతులు మడుచుకుని ఇలా వెళ్ళి అలా వచ్చేస్తుంటే, ఈమె స్వెట్టరు మీద స్వెట్టరు తొడుక్కుని, ఉన్ని తొడుగుల మీద రబ్బరు తొడుగులు వేసుకుని, పళ్ళు టకటకలాడించుకుంటూ బయటపడేది. ఎండలో నిలబెట్టినా దీనికి వణుకేనని యజమాని నవ్వేవాడు. మాటకు మాట అంటించడంలో ఆమె తక్కువ తినలేదు. నన్ను కూడా ఆ అద్దాల వెనక పెట్టి అమ్ముకోండి, పూలకంటే ఎక్కువ రోజులు నిలవుంటానని అనేది.

అది చలి కాదని తెలియడానికి చాలాకాలం పట్టింది. చల్లనీళ్ళలో చెయ్యి పెడితే వేళ్ళు కొవ్వొత్తుల్లా తెల్లబడేవి, కాసేపటికి నీలం తిరిగేవి, ఆ తర్వాత కాలినట్టు ఎర్రబడి సలిపేవి. ఓ వేసవిలో పొద్దున లేచేసరికి పిడికిలి ముడవడం రాలేదు. కత్తెర పట్టుకుంటే జారిపోయేది. ముక్కుకి అటూ ఇటూ బుగ్గల మీద ఎర్రటి మచ్చ పరుచుకుంది. దువ్వెన నిండా జుట్టు. ఎక్కే గుమ్మం దిగే గుమ్మంగా తిరిగితే, చివరికి పెద్దాసుపత్రిలో ఓ కీళ్ళ డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితాలు ముందేసుకుని జబ్బు పేరు చెప్పింది. లూపస్. మనల్ని కాపాడాల్సిన రక్తమే దారి తప్పి, ఒంట్లో అన్నిటినీ కలిపి పట్టి ఉంచే కణజాలం మీద దాడి చేస్తుందని, కీళ్ళూ చర్మమూ రక్తనాళాలూ మూత్రపిండాలూ ఏదైనా దెబ్బతినవచ్చని వివరించింది.

పక్కనే కూర్చున్న అత్త ఓపిగ్గా అంతా విని, "అంటే లోపల కుట్లు వదులవుతున్నాయన్నమాట" అంది.

డాక్టరమ్మ నవ్వి, దాదాపు అంతేనని ఒప్పుకుంది.

అత్త ఇంటి ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు సరిచేసేది. కొత్తవి కుట్టదు. పొడవైన ప్యాంట్లు కురచ చేయడం, బిగుతైన చొక్కాలు వదులు చేయడం, తెగిన జిప్పులు మార్చడం, ఇవే. మామ ఎప్పుడో పోయాడు. ఒక్కడే కొడుకు, చలిచీమ మొగుడు, లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. చలిచీమకు తల్లి చిన్నప్పుడే పోతే బంధువుల ఇళ్ళలో బంతిలా పెరిగింది. పెళ్ళయి వచ్చిన కొత్తలో అత్తంటే భయం. ఆవిడ మనిషి మంచిదే కాని మాట మాత్రం సూదే. జబ్బు సంగతి తెలిసిన రోజు నుంచీ మాత్రల పెత్తనం తన చేతుల్లోకి తీసుకుంది. పొద్దున టిఫిను కాగానే మాత్రలు అరచేతిలో పోసి, గ్లాసుతో నీళ్ళిచ్చి, గొంతు కదిలిందాకా ఎదురుగా నిలబడేది. జైల్లో కూడా ఇంత కాపలా ఉండదని కోడలు విసుక్కుంటే, జైల్లో వాళ్ళు పారిపోకుండా కాస్తారు, నేను నువ్వు పోకుండా కాస్తున్నానని జవాబిచ్చేది.

మాత్రలతో జబ్బు అణిగింది. దుకాణం యజమాని ఆమెను చల్లగది నుంచి తప్పించి ముందు బల్ల దగ్గర గుత్తులు కట్టే పనికి మార్చాడు. అప్పుడే, అనుకోకుండా, నెల తప్పింది. సంతోషం సగం రోజు కూడా నిలవలేదు. ఆమె వేసుకునే మందుల్లో పెద్ద మాత్ర ఒకటుంది, అది కడుపుతో ఉన్నప్పుడు వేసుకోకూడనిది. వెంటనే ఆపించారు కాని మూడో నెల నిండకుండానే కడుపు పోయింది. మాత్ర వల్ల కావచ్చు, జబ్బు వల్ల కావచ్చు, ఏదీ లేకపోయినా కొందరికి పోతుందని డాక్టరమ్మ చెప్పింది. ఆ మూడు మాటల్లో చలిచీమ చెవికి ఎక్కింది మొదటిదే. మాత్ర వల్ల పోయింది.

ఈసారి పద్ధతిగా చేద్దామని డాక్టరమ్మ పట్టుబట్టింది. పెద్ద మాత్ర పూర్తిగా తీసేసి, కడుపులో బిడ్డకు హాని చెయ్యని మరో మందు ఇచ్చింది. జబ్బు ఆరునెలలు నిద్రపోతే అప్పుడు బిడ్డ సంగతి ఆలోచిద్దామంది. ఇంకొకటి కూడా చెప్పింది. నీ రక్తంలో ఒక ప్రతిరక్షకం, అంటే యాంటీబాడీ, ఉంది, అది మాయ దాటి బిడ్డలోకి పోతుంది, నూటికి ఒకరిద్దరి విషయంలో బిడ్డ గుండెను పాడుచేస్తుంది, అందుకని నాలుగో నెల దాటాక వారం వారం బిడ్డ గుండె చూడాలి, ఏదేమైనా చేదు మాత్ర మాత్రం మానకూడదు. చేదు మాత్ర అంటే వాళ్ళింట్లో అందరికీ తెలుసు. నాలుక మీద ఒక్క క్షణం ఆగితే రోజంతా నోరు విషమయ్యే మాత్ర అది.

జబ్బు నిద్రపోయింది. మళ్ళీ నెల తప్పింది.

ఆ సంగతి మొగుడితో చెప్పడానికి ఆమె ఇల్లు చేరేదాకా ఆగలేకపోయింది. అతను పనిచేస్తున్న మేడకే వెళ్ళింది. లిఫ్టు ఆగిపోయింది కనక మెట్లన్నీ ఎక్కి, మిద్దెమీది మోటారు గదికి చేరింది. గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ అతను బయటికొచ్చి, సంగతి విని, ముట్టుకుంటే మసి అంటుతుందని రెండు చేతులూ గాల్లో పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నవ్వుకున్నారు. పిట్టగోడ నీడలో పక్కపక్కనే కూర్చున్నారు. అప్పుడామె తన మనసులో ఉన్నది బయటపెట్టింది.

"ఈసారి ఏ మాత్రా వేసుకోను. ఒక్కటి కూడా."

అతను వెంటనే ఒప్పుకోలేదు. డాక్టరమ్మ మానొద్దందిగా అన్నాడు. పోయినసారి కూడా డాక్టర్లు ఇచ్చిన మాత్రే కదా, పోయాక అప్పుడు చెప్పారు కదా అని ఆమె అంది. పోయినసారి ఆసుపత్రిలో బయట బల్ల మీద కూర్చున్న మధ్యాహ్నం అతనింకా మరిచిపోలేదు. కాసేపు కిందికి వీధిలోకి చూసి, అమ్మకి తెలిస్తే ఊరుకోదన్నాడు. తెలియనివ్వద్దు అంది ఆమె. అంతే, అక్కడే మాట అయిపోయింది. తర్వాత ఎన్నోసార్లు ఆమెకు ఆ పిట్టగోడ నీడ గుర్తొచ్చేది. ఇంత పెద్ద తప్పు చేస్తున్నప్పుడు మనిషికి అంత హాయిగా ఎలా ఉంటుందో ఆమెకు అర్థమయ్యేది కాదు.

మర్నాటి నుంచి దొంగాట మొదలైంది. అత్త అరచేతిలో పోసిన మాత్రలు నోట్లో వేసుకుని, బుగ్గన అదిమి, నీళ్ళు మాత్రం మింగేది. సరిగ్గా అప్పుడే అతను చొక్కా గుండీ ఊడిందనో, సూదిలో దారం కావాలనో తల్లిని కేకేసేవాడు. ఆవిడ అటు తిరగ్గానే ఈమె స్నానాల గదిలోకి దూరి ఉమ్మేసేది. చేదు మధ్యాహ్నం దాకా వదిలేది కాదు. ఆ చేదును ఆమె ఇష్టంగానే భరించింది. బిడ్డకు పోవాల్సిన విషం తన నోట్లోనే ఆగిపోయిందనుకునేది.

పైగా ఒళ్ళు కూడా సహకరించినట్టే కనిపించింది. వేవిళ్ళు తగ్గాయి, ముఖం తేటపడింది. మాత్రలు మానేశాకే బాగున్నానని మొగుడి చెవిలో చెప్పి మురిసిపోయింది. ఆ చేదు మందు మానేశాక కూడా వారాల తరబడి ఒంట్లో మిగిలి పనిచేస్తుందని, ఆ బాగుండడం మందు పుణ్యమేనని అప్పుడు వాళ్ళకు ఎవరు చెప్తారు? అడిగితే కదా.

నాలుగో నెల దాటాక వారం వారం గుండె పరీక్షకు వెళ్ళారు. మొదట్లో అంతా సవ్యంగానే ఉంది. అయిదో నెల నడుస్తుండగా వేలికున్న ఉంగరం బిగిసింది. సబ్బు రాసినా రాలేదు. మొగుడు తన పనిముట్ల సంచీలోంచి కటింగ్ ప్లయరు తీసి, ఊపిరి బిగబట్టి కత్తిరించాడు. కడుపుతో ఉన్నవాళ్ళకు చేతులు వాయడం మామూలేనని ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకున్నారు. కాళ్ళు నొక్కితే గుంట పడుతోంది. మూత్రం నురుగు కడుతోంది. బుగ్గల మీది ఎరుపును ఆమె పౌడరుతో కప్పేసింది. మాత్రలు మళ్ళీ మొదలుపెడదామా అని అతను అడిగాడు. ఇన్నాళ్ళూ మానేసి ఇప్పుడు వేసుకుంటే బిడ్డకు ఏమవుతుందోనని ఆమె భయం. ముందుకెళ్ళలేరు, వెనక్కి రాలేరు. అత్తేమో మోకాళ్ళ మీద కూర్చుని కోడలి కాళ్ళు పట్టి చూడడం, తల పంకించడం, ఈసారి డాక్టరు దగ్గరికి నేనూ వస్తాననడం.

అలా ఆ వారం ముగ్గురూ వెళ్ళారు.

స్కానింగు చేసే అమ్మాయి ఎప్పుడూ లొడలొడా మాట్లాడే మనిషి. ఆ రోజు పరికరం పొట్ట మీద పెట్టి రెండు మాటలు మాట్లాడింది, మూడోది మధ్యలో ఆగిపోయింది. తెర తనవైపు తిప్పుకుంది. పరికరం జరిపింది, మళ్ళీ జరిపింది. తర్వాత పెద్ద డాక్టరును పిలవడానికి వెళ్ళింది. చలిచీమ కళ్ళు పైకప్పు మీదే ఉన్నాయి. మనసు మాత్రం ఎప్పుడో నేల మీద పడి ఉంది.

బిడ్డ గుండె కొట్టుకోవాల్సిన వేగంలో సగం కూడా కొట్టుకోవడం లేదు. పైగదులు వాటి దారిన అవి కొట్టుకుంటున్నాయి, కిందిగదులకు ఆ కబురు అందడం లేదు. ఇది చెప్పింది పిల్లల గుండె డాక్టరు. తెగిన తీగను మళ్ళీ కలపలేరా అని మెకానిక్కు అడిగాడు. పని మీద అడిగినట్టే, మామూలు గొంతుతో అడిగాడు. తెగలేదు, అక్కడ మచ్చ కట్టేసింది, ఇక కలవదని ఆయన చెప్పాడు.

కీళ్ళ డాక్టరమ్మ గదిలోకి వెళ్ళేసరికి మూత్రపరీక్ష, రక్తపరీక్ష కూడా వచ్చేశాయి. జబ్బు లేచి కూర్చుంది, మూత్రపిండాలను పట్టుకుంది. ఆవిడ కాగితాలు చూసి, ముగ్గురినీ చూసి, "చేదు మాత్ర రోజూ వేసుకుంటోందిగా?" అని అడిగింది.

"నా చేత్తో ఇస్తున్నానండీ" అంది అత్త. "నీళ్ళు కూడా నేనే ఇస్తున్నా. ఒక్క పూట తప్పలేదు. కావాలంటే వాణ్ణి అడగండి."

అతను నేల చూపులు చూశాడు. చలిచీమకు ఆ క్షణంలో ఆవిడ గొంతులోని ధీమా తప్ప మరేదీ వినిపించలేదు. తన జబ్బు గురించి ఇంత ధీమాగా మాట్లాడే మనిషి ఈ లోకంలో ఈవిడ ఒక్కతేనని ఆ క్షణంలోనే తెలిసింది.

"వేసుకోలేదండీ. కడుపని తెలిసిన దగ్గర్నుంచీ ఒక్కటి కూడా మింగలేదు."

"ఇద్దరం కలిసే మానేశాం" అన్నాడు అతను.

అత్త కోడలి నోటివైపు కాసేపు చూసింది. ఆ నోటిని తానింతకాలం ఎదురుగా నిలబడి చూసింది కదా. తర్వాత సంచీ తీసుకుని లేచి, తలుపు చప్పుడు కాకుండా వేసి బయటికి వెళ్ళిపోయింది.

ఆ రోజే ఆసుపత్రిలో చేర్చుకున్నారు. చేదు మాత్ర మళ్ళీ మొదలు, దానితోపాటు ఇంజెక్షన్లు, బీపీ మందులు. డాక్టరమ్మ కోప్పడలేదు, అదే వాళ్ళకు ఎక్కువ శిక్ష అయింది. కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. బిడ్డ ఇప్పుడే బయటికొస్తే బతకదు. లోపలే ఉంటే ఆ గుండె ఎంతకాలం లాగుతుందో చెప్పలేం. తల్లి మూత్రపిండాలకు మాత్రం ప్రతి వారమూ గండమే. వద్దనుకుంటే ఇప్పుడే చెప్పాలి, ఆలస్యమయ్యేకొద్దీ అదీ కష్టమే.

మర్నాడు అత్త వచ్చింది. తెల్లవారుజామునే వచ్చి గేటు దగ్గర కూర్చుందట, లోపలికి రానిచ్చిన వేళకు వచ్చింది. మంచం పక్కన నిలబడి, ఎప్పటినుంచో కూడబలుక్కున్నట్టుగా చెప్పింది.

"నాకు మనవడూ వద్దు, మనవరాలూ వద్దు. తీయించెయ్ అమ్మాయ్. నువ్వు మిగులు చాలు."

చలిచీమకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మీ కొడుకు కడుపులో ఉన్నప్పుడు ఎవరైనా ఇలా అంటే ఒప్పుకునేవారా?"

"మా అక్కకి కాళ్ళు ఇలాగే వాచాయి" అంది అత్త. "ఇద్దర్నీ ఒకే దుప్పటిలో చుట్టి పట్టుకెళ్ళారు. అప్పుడు చూశాను. మళ్ళీ చూసే ఓపిక నాకు లేదు."

చలిచీమ గోడవైపు తిరిగి పడుకుంది. ఆవిడ చెప్పినదాంట్లో ఉన్న ప్రేమ ఆమెకు ఆ రోజు అందలేదు. నా బిడ్డ చావు కోరింది అనే అనుకుంది. ఆ తర్వాత వారాల తరబడి అత్తతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆవిడ మాత్రం రోజూ వచ్చేది. తల దువ్వేది, కాళ్ళ కింద దిండు సర్దేది, తెచ్చిన గంజి చల్లారకముందే తాగించేది. మాత్రలు నర్సు ఇస్తుంటే మొహం తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూసేది. కోడలి ఒళ్ళు నీరుపట్టి ఉబ్బుతుంటే నైటీలు ఇంటికి పట్టుకెళ్ళి పక్కకుట్లు విప్పి వదులు చేసి తెచ్చేది. లోపల మడిచిన గుడ్డంతా అయిపోయాక వేరే రంగు గుడ్డ పక్కల్లో అతికింది. ఇద్దరి మధ్య మాటల్లేవు, ఆ అతుకులే ఉన్నాయి.

ఆ వార్డులో చలిచీమకు భరించలేనిది సూదిమందు కాదు, ఊపిరాడకపోవడం కాదు, శబ్దం. నర్సు రోజూ ప్రతి మంచం దగ్గరికీ చిన్న యంత్రం తెచ్చి కడుపుల మీద పెట్టి బిడ్డల గుండె చప్పుడు వినిపించేది. అందరి కడుపుల్లోనూ గుర్రాలు దౌడు తీస్తున్నట్టు టకటకటకా వినిపించేది. ఆడవాళ్ళు నవ్వుకునేవారు. ఈమె దగ్గరికొచ్చేసరికి, మోకాళ్ళ నొప్పుల ముసలివాడు మెట్లెక్కుతున్నట్టు ఒక్కో అడుగు. మధ్యలో ఆగిపోయిందేమో అనిపించేంత ఖాళీ. వార్డంతా నిశ్శబ్దమైపోయేది. కాస్త శబ్దం తగ్గించమ్మా అని నర్సును బతిమాలింది. వినకుండా ఉండనూ లేదు, పదిమందిలో విననూ లేదు. నర్సు వెళ్ళాక కడుపు మీద చెయ్యేసుకుని ఆ అడుగుల కోసం వెతికేది. ఇంకొక్కటి, ఇంకొక్కటి అని అడుక్కునేది. దేవుణ్ణి కాదు, బిడ్డనే.

మెకానిక్కు పొద్దున ఆసుపత్రి, పగలు లిఫ్టులు, సాయంత్రం మళ్ళీ ఆసుపత్రి. ముఖం పీక్కుపోయింది. ఒకసారి ఓ మేడలో లిఫ్టు మధ్యలో ఆగిపోతే, దాని పైకప్పు మీద కూర్చుని పనిచేస్తూ చేస్తూ ఏడ్చేశాడట. ఆ గొయ్యిలో ఏడుపు పెద్దగా మోగి, లోపల ఇరుక్కున్న పెద్దాయన భయపడి, "బాబూ, అంతలా పాడైపోయిందా?" అని అడిగాడట. ఇది అతను చెప్తే ఇద్దరూ ఎన్నాళ్ళకో నవ్వారు. నవ్వు నవ్వుగానే మొదలై ఎక్కడో దారి తప్పింది. నేనా రోజు వద్దని గట్టిగా చెప్పి ఉండాల్సింది అన్నాడతను. నువ్వు చెప్తే నేను వినేదాన్నా అందామె. ఆ మాట అతనికి ఊరట ఇవ్వలేదు, ఆమెకూ ఇవ్వలేదు.

ఏడో నెల చివరికొచ్చేసరికి ఆమె పడుకోలేని స్థితి వచ్చింది. పడుకుంటే నీళ్ళలో మునిగినట్టు ఊపిరాడదు. మంచానికి అడ్డంగా బల్ల వేసి, దాని మీద దిండు పెట్టి, దాని మీద తల వాల్చి కూర్చునేది. వద్దని చెప్పడానికి గడువు దాటిపోయింది, కాన్పుకు వేళ కాలేదు. అలాంటి ఒక మధ్యాహ్నం, నర్సు మొహం మీద మెరుపులు కనిపిస్తున్నాయని ఆమె అంది. బీపీ చూశారు. ఆ తర్వాత అంతా పరుగులే. మంచం చక్రాలు తిరుగుతుంటే పక్కన నడుస్తున్న ప్రసూతి డాక్టరు చెయ్యి పట్టుకుని, నాకేమైనా పరవాలేదు, లోపల ఇంకొన్నాళ్ళు ఉంచండని వేడుకుంది. ఇప్పుడు లోపల ఉండడమే దానికి ప్రమాదమని ఆవిడ చెప్పిన మాట ఆమెకు ఎక్కడో దూరం నుంచి వినిపించింది.

ఆపరేషన్ బల్ల మీద బిడ్డ ఏడుపు ఆమె విన్నదో లేదో ఆమెకే తెలియదు. పిల్లి కూన మియావ్ అన్నట్టు ఒక్కసారి వినిపించిందనుకుంటుంది. ఆ తర్వాత మూర్ఛ వచ్చింది. మూత్రపిండాలు పనిచెయ్యడం మానేశాయి. రక్తాన్ని యంత్రంతో కడిగారు. ఆమె కళ్ళు తెరిచి మనుషుల్ని గుర్తుపట్టేసరికి చాలా రోజులు గడిచిపోయాయి.

కళ్ళు తెరవగానే కనిపించింది అత్త. ఆసుపత్రి వాళ్ళిచ్చిన ఆకుపచ్చ గౌను ఆవిడకు పొడవై చేతులు వేలాడుతున్నాయి. ఆ చేతులు పైకి మడుచుకోవడానికి కూడా ఆవిడకు మనసు లేకపోయిందని చలిచీమకు అర్థమైంది. గొంతులో గొట్టం తీసిన మంట. అయినా అన్నాళ్ళ తర్వాత మొదటి మాట ఆవిడతోనే.

"ఉందా?"

"ఉంది" అంది అత్త. "ఆడపిల్ల. రెండు దోసిళ్ళంత ఉంది. గుండెకి సన్నటి తీగ తగిలించారు, బయట యంత్రం కొట్టిస్తోంది. నేను రోజూ అద్దంలోంచి చూసొస్తున్నా."

కోడలి కళ్ళ నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. ఆవిడ తుడిచింది. "నేను తీయించెయ్యమన్నది దాన్నే" అని, ఆ పొడుగు చేతులతోనే మొహం కప్పుకుంది. నేను కూడా మీ చేతి మాత్రలు ఉమ్మేశాను అత్తయ్యా అని చలిచీమ అనాలనుకుంది. చెయ్యి మాత్రం జరిపి ఆవిడ గౌను అంచు పట్టుకుంది. ఎవరి తప్పు ఎంతో వాళ్ళు ఆ తర్వాత కూడా ఎప్పుడూ తేల్చుకోలేదు.

పిల్ల బరువెక్కేదాకా ఆగి, పొట్ట చర్మం కింద గుండెను కొట్టించే చిన్న యంత్రం పెట్టి కుట్టారు. పిల్ల పెరిగేకొద్దీ దాన్ని మారుస్తూ ఉండాలి, బతికినంతకాలం. పిల్ల ఇంటికి వచ్చిన రోజున ఎవరూ పెద్దగా సంతోషించలేదు, అందరికీ భయమే. మొదటి ఏడాదంతా ముగ్గురూ వంతులేసుకుని ఆ పొట్ట ఎగసి పడడం చూస్తూ కూర్చున్నారు. చలిచీమ మూత్రపిండాలు కొంత తేరుకున్నాయి, పూర్తిగా తేరుకోలేదు. ఇంకో బిడ్డ మాట ఎత్తవద్దని డాక్టర్లు గట్టిగా చెప్పారు. పూల దుకాణానికి ఆమె మళ్ళీ వెళ్ళలేదు. వేళ్ళ కొనల మీద పుళ్ళు పడ్డాయి, కత్తెర పట్టలేదు.

ఒక్క ప్రశ్న మాత్రం ఆమెను వదలలేదు. ధైర్యం చేసి కీళ్ళ డాక్టరమ్మనే అడిగింది. నేను మాత్రలు వేసుకుని ఉంటే నా బిడ్డ గుండె బాగుండేదా అని. డాక్టరమ్మ ఉన్నదే చెప్పింది.

"బాగుండేదని చెప్పలేను. వేసుకున్నవాళ్ళకీ అప్పుడప్పుడు వస్తుంది, కాకపోతే తక్కువమందికి. నీ మూత్రపిండాల సంగతైతే చెప్పగలను. బిడ్డ సంగతి ఎవరూ చెప్పలేరు."

అవునంటే ఏడ్చేది, కాదంటే ఊపిరి పీల్చుకునేది. ఇది రెండూ కాదు. ఆ జవాబును ఆమె ఇంటికి మోసుకొచ్చింది, ఇప్పటికీ మోస్తూనే ఉంది.

పిల్ల పరుగులు నేర్చాక ఒకనాడు కీళ్ళ డాక్టరమ్మ గది బయట వరండాలో కూర్చున్నారు తల్లీ కూతుళ్ళు. పిల్ల బల్లల కింద దూరి అవతల లేస్తూ అందరినీ నవ్విస్తోంది. పక్కన ఓ అమ్మాయి, చిన్నది, బుగ్గల మీద అదే ఎరుపు, చేతిలో మందుల కవరు. మూడో నెలట. కాసేపు తటపటాయించి, ఈ మాత్రలన్నీ వేసుకుంటే బిడ్డకు ఏమీ కాదా అక్కా, మీరు కడుపుతో ఉన్నప్పుడు వేసుకున్నారా అని మెల్లగా అడిగింది.

చలిచీమ అబద్ధం చెప్పలేదు. వేసుకోలేదమ్మా, మానేశాను అంది. మిగతాది చెప్పడానికి ఊపిరి తీసుకుంది. ఈలోగా ఆ అమ్మాయి చూపు పరుగెత్తుతున్న పిల్ల మీదికి పోయింది. ఆ మొహంలో ఒక వెలుగు వచ్చింది.

"మరి మీ పాప బాగానే ఉందిగా అక్కా."

ఆ వెలుగు ఏమిటో చలిచీమకు తెలుసు. మిద్దెమీద పిట్టగోడ నీడలో తన మొహంలో ఉన్నదీ అదే. కూతుర్ని పిలిచి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని, గౌను పైకెత్తింది. పొట్ట మీద అడ్డంగా పొడుగాటి కుట్టు, దాని పక్కన చర్మం కింద అగ్గిపెట్టెంత గుట్ట. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆ గుట్ట మీద పెట్టింది. చక్కిలిగిలి అయి పిల్ల కిలకిలా నవ్వింది.

"ఇది ఆగితే నా కూతురు ఆగిపోతుంది" అంది చలిచీమ. "మందులు మానకు."

ఆ అమ్మాయి చెయ్యి తీసేసుకుని కవరును ఒళ్ళో గట్టిగా పట్టుకుంది. ఏదో అడగబోయింది. అంతలో లోపలినుంచి పిలుపు వచ్చింది. లేచి, వెనక్కి ఒకసారి పిల్లవైపు చూసి, లోపలికి వెళ్ళింది.